నిండు ట్యాంకుతో ఆగిపోయే బుల్లెట్: పెట్రోలు ధారపై ఒక కేస్ స్టడీ

బండి 1990ల మొదట్లో తయారైన బుల్లెట్ 350. పోత ఇనుప సిలిండర్, 346 సీసీ, పాయింట్లతో (తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చిన్న విద్యుత్ స్విచ్చి) నడిచే ఇగ్నిషన్, అంటే నిప్పు పుట్టించే ఏర్పాటు, గాలిలో పెట్రోలు కలిపే మిక్‌కార్బ్ వీఎం24 కార్బ్యురేటర్. యజమాని రిటైరైన హైస్కూలు సైన్సు మాస్టారు. విజయవాడలో ఉంటారు. హైదరాబాద్‌లో ఉన్న కూతురింటికి ఇప్పటికీ ఈ బండి మీదే వెళ్లి వస్తుంటారు. ఆయన ఫిర్యాదు ఒక్కటే. ఊళ్లో ఎంత తిప్పినా బండికి ఏమీ కాదు, హైవే ఎక్కాక మాత్రం ఆగిపోతుంది. ఆగిన చోట పావుగంట నీడన నిలబెడితే ఒక్క కిక్కుకే లేస్తుంది.

ఇలాంటి ఫిర్యాదు వినగానే మా మెకానిక్ వృత్తిలో చాలామంది చెయ్యి ముందు పాయింట్లకు తోడుండే చిన్న విద్యుత్ భాగమైన కండెన్సర్ మీదకు పోతుంది. అందులో అర్థం లేకపోలేదు. వేడెక్కితే పనిచేయడం మానేసి, చల్లారాక మళ్లీ పనిచేయడం పాత కండెన్సర్లకూ, ప్లగ్గుకు కరెంటు పంపే కాయిళ్లకూ ఉన్న జబ్బే. అందుకే నా దగ్గరకు వచ్చేసరికి ఈ బండికి కండెన్సర్, కాయిల్, పాయింట్ల సెట్టు, ప్లగ్గు, ప్లగ్గు వైరు అన్నీ కొత్తవి పడి ఉన్నాయి. కార్బ్యురేటర్ విప్పి కడిగారు, అందులో పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాల జెట్లు మార్చారు. పెట్రోలు పైపు మధ్యలో కొత్తగా ఒక ఫిల్టరు కూడా బిగించారు. బండి మాత్రం ఆగుతూనే ఉంది.

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం అదే. పాత బళ్లలో పెట్రోలు సమస్యను కంటితో చూసి తేల్చేవారే ఎక్కువ, కొలిచి తేల్చేవారు తక్కువ. పైపు పీకితే పెట్రోలు కారింది కాబట్టి అటువైపు లోపం లేదని తీర్మానిస్తారు. కారడం వేరు, ఇంజను తాగే వేగానికి తగ్గట్టు పారడం వేరు. ఒక కొలజాడీ, సెకన్ల ముల్లున్న గడియారం దగ్గర పెట్టుకుంటే ఈ రెండింటికీ మధ్య తేడా పది నిమిషాల్లో తేలిపోతుంది.

డైరీలో దొరికిన ఆధారం

మాస్టారు ప్రతి ప్రయాణానికీ డైరీ రాస్తారు. ఎక్కడ పెట్రోలు పోయించారు, ఎన్ని లీటర్లు, ఎక్కడ టీ తాగారు, బండి ఎక్కడ ఆగింది, అన్నీ అందులో ఉంటాయి. రోగి చెప్పే లక్షణాల కంటే ఇలాంటి కాగితం విలువైనది. జ్ఞాపకం ఎప్పుడూ చివరిసారి ఆగిన చోటునే పెద్దది చేసి చెబుతుంది. డైరీ అన్ని చోట్లనూ సమానంగా చెబుతుంది.

నేను ఆ పేజీల్లో బండి ఆగిన ఊళ్ల పక్కన పెట్రోలు పోయించిన ఊళ్లు రాసుకుంటూ పోయాను. విజయవాడలో ట్యాంకు నింపుకుని బయలుదేరిన రోజుల్లో ఇబ్రహీంపట్నం దాటిన కాసేపటికే ఆగింది. కోదాడలో నింపితే సూర్యాపేట చేరకముందే ఆగింది. ట్యాంకు సగానికి దిగాక నడిచిన దూరాల్లో మాత్రం ఆగినట్టు దాదాపు ఎక్కడా లేదు. రిజర్వుకు దగ్గరపడ్డప్పుడు మళ్లీ ఇబ్బంది కనిపిస్తుంది, అయితే దాని తీరు వేరు. అక్కడ ఆగిపోవడం లేదు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లాగడం లేదు, వేగం యాభై దాటడం లేదు.

నిండుగా ఉంటే ఒక జబ్బు, అడుగంటితే ఇంకో జబ్బు, మధ్యలో ఆరోగ్యం. కండెన్సర్‌కు ట్యాంకులో ఎంత పెట్రోలుందో తెలియదు. ఆ ఒక్క ఆలోచనతోనే సగం దారి తేటపడింది.

ఇంకో సంగతి మాస్టారే మాటల మధ్యలో చెప్పారు. ఒకసారి నందిగామ దగ్గర ఆగితే దారిపక్కన మెకానిక్ వచ్చి, ముందు ట్యాంకు మూత తీసి పెట్రోలుందో లేదో చూసి, మళ్లీ మూత పెట్టి, ఆపైన కండెన్సర్ మార్చాడట. వెంటనే బండి లేచిందట.

"మూత తీసినప్పుడు ఏమైనా చప్పుడు వచ్చిందా మాస్టారూ?" అని అడిగాను.

ఆయన కాసేపు ఆలోచించారు. "వచ్చింది బాబూ. బుస్సుమని గాలి పీల్చినట్టు. ఎండకు ఆవిరి పట్టి ఉంటుందనుకున్నాను."

ఎండకు ఆవిరి పడితే గాలి బయటకు తన్నాలి, లోపలికి పీల్చుకోకూడదు. ఆ రోజు బండిని బాగుచేసింది కొత్త కండెన్సర్ కాదు, మూత తీయడం. పేరు మాత్రం కండెన్సర్‌కు పోయింది.

ముందు ఇగ్నిషన్‌ను పక్కన పెట్టాలి

ఇంత ఆధారం ఉన్నా తిన్నగా ట్యాంకు దగ్గరకు పోకూడదు. ఇగ్నిషన్ బాగుందని నిర్ధారించుకోకుండా పెట్రోలు వైపు చేసే ప్రతి పరీక్షా అనుమానంతోనే మిగులుతుంది.

రెండు రకాల ఆగడాలకు మధ్య తేడా చెవికీ చేతికీ తెలుస్తుంది. నిప్పు పోతే బండి ఒక్కసారిగా, స్విచ్ కట్టేసినట్టు చస్తుంది. కొన్నిసార్లు మధ్యలో ఒకటి రెండు సార్లు అంటుకుని సైలెన్సర్‌లో ఢామ్మని పేలుతుంది. పెట్రోలు చాలకపోతే మెల్లగా నీరసిస్తుంది. ముందు పికప్ తగ్గుతుంది, థ్రాటిల్ తిప్పితే ముందుకు లాగకపోగా ఇంకా వెనక్కి తగ్గుతుంది, కార్బ్యురేటర్ వైపు నుంచి తుమ్ముతుంది. థ్రాటిల్ సగానికి మూస్తే కాస్త కోలుకుంటుంది. ఆ నీరసం మొదలైన క్షణంలో మిశ్రమంలో పెట్రోలు పాలు పెంచే చోక్ లివర్ ఎత్తితే, పెట్రోలు కొరత అయినప్పుడు బండి కొద్ది సెకన్లు పుంజుకుంటుంది. నిప్పు లోపానికి చోక్ ఏ మేలూ చేయదు.

ట్యాంకు నింపి, ట్రాఫిక్ లేని వేళ బండిని ఊరి బయటకు తీసుకుపోయాను. పెట్రోలు కొరతకు ఉండాల్సిన లక్షణాలన్నీ వరుసగా కనిపించాయి. బండి చచ్చిన వెంటనే పక్కకు ఆపి, ముందు ట్యాంకు కిందున్న పెట్రోలు ట్యాప్ మూశాను. ఈ వరుస తప్పకూడదు. ట్యాప్ తెరిచే ఉంచి విప్పుతూ కూర్చుంటే, విప్పే లోపే ఫ్లోట్ చాంబర్ (కార్బ్యురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) మళ్లీ నిండిపోయి అబద్ధం చెబుతుంది. చాంబర్ దించి చూస్తే అడుగున చెంచాడు పెట్రోలు కూడా లేదు. మెయిన్ జెట్ మొన పొడిగా ఉంది. ప్లగ్గు విప్పితే పింగాణీ మొన సున్నం పూసినట్టు తెల్లగా ఉంది, అంటే మిశ్రమంలో గాలి పాలు ఎక్కువై మండుతోంది. ఆ ప్లగ్గునే సిలిండర్ హెడ్డుకు ఆనించి కిక్ కొడితే నిప్పు నీలంగా, చురుగ్గా వచ్చింది. ఇంజను కాగుతున్నప్పుడే ఆ నిప్పు అలా ఉంటే కండెన్సర్‌నూ కాయిల్‌నూ ఇక వదిలేయవచ్చు.

ధారను కొలవడం

కొలతకు ముందు బండికి ఎంత కావాలో లెక్క వేసుకోవాలి. ఈ లెక్క వేయకుండా ధారను చూస్తే సన్నమో లావో చెప్పలేం. మాస్టారి డైరీ ప్రకారం హైవే మీద వేగం గంటకు 75 కిలోమీటర్లు, మైలేజీ లీటరుకు 32. అంటే గంటకు 2.3 లీటర్లు, నిమిషానికి దాదాపు 39 మిల్లీలీటర్లు. ఇది నిలకడగా పోయేటప్పటి అవసరం. లారీని దాటడానికి థ్రాటిల్ పూర్తిగా తిప్పితే ఆ కాసేపూ దీనికి రెట్టింపు కావాలి. ఊళ్లో తిరిగేటప్పుడు ఇందులో సగం కూడా అక్కర్లేదు. ఊళ్లో బండికి ఏమీ కాకపోవడానికి జవాబు ఈ అంకెల్లోనే ఉంది.

ఇక ఆ పెట్రోలును కిందికి తోసేది ఏమిటి? ఈ బళ్లలో పంపు లేదు. ట్యాంకులోని పెట్రోలు మట్టం కార్బ్యురేటర్ కంటే ఎంత ఎత్తున ఉందో అంత ఒత్తిడి. ట్యాంకు నిండినప్పుడు ఆ ఎత్తు మహా అయితే 25 సెంటీమీటర్లు. పెట్రోలు నీటి కంటే తేలిక కాబట్టి అది 18, 19 సెంటీమీటర్ల నీటి ఎత్తుతో సమానం, వాతావరణ పీడనంలో రెండు శాతం లోపే. అడుగంటే వేళకు అందులో సగం కూడా మిగలదు. ఇంత బలహీనమైన తోపుడు మీద నడిచే వ్యవస్థ ఇది. దారిలో ఏ చిన్న అడ్డు పెట్టినా లెక్కకు వస్తుంది.

కొలిచే పద్ధతి సులువే గాని ఒక జాగ్రత్త ఉంది. పైపును కార్బ్యురేటర్ నుంచి పీకి, దాని కొసను కార్బ్యురేటర్ ముక్కు ఎంత ఎత్తున ఉందో సరిగ్గా అంతే ఎత్తున పట్టుకోవాలి. నేల మీద పెట్టిన గిన్నెలోకి పైపు వేలాడదీస్తే ఎత్తు ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో అయి, బండిలో ఎప్పుడూ రానంత ధార వచ్చి మోసం చేస్తుంది. చాలా షెడ్లలో పెట్రోలు ధారకు దొంగ సర్టిఫికెట్టు దొరికేది ఇక్కడే. కొలజాడీని స్టూలు మీద ఎత్తుగా పెట్టి, పైపు కొసను దాని అంచుకు ఆనించి, ట్యాప్ తిప్పి ఒక్క నిమిషం పట్టాలి. గాజు జాడీ గానీ స్టీలు పాత్ర గానీ వాడాలి, పల్చని ప్లాస్టిక్ మగ్గు వద్దు. ఆరుబయట, చల్లారిన ఇంజను దగ్గర, బ్యాటరీ వైరు తీసి, ఒక బకెట్ ఇసుకా పొడి రకం అగ్నిమాపక సిలిండరూ చేతికందేలా పెట్టుకుని చేయాలి. నా షెడ్డులో ఈ నియమానికి ఎవరికీ మినహాయింపు లేదు.

ట్యాంకులో పావు వంతు పెట్రోలు ఉంచి, మూత తెరిచి పెట్టి, బండి వచ్చిన స్థితిలోనే కొలిచాను. నిమిషానికి 45 మిల్లీలీటర్లు. అవసరం 39. అంటే చదునైన రోడ్డు మీద సరిగ్గా గట్టున పడుతుంది, ఎత్తు ఎక్కాలంటే చాలదు. డైరీలో రాసిన "యాభై దాటడం లేదు" ఇదే.

పైపు మధ్యలోని ఫిల్టరు తీసి మళ్లీ కొలిస్తే 170 వచ్చింది.

ఆ ఫిల్టరు పాడైనది కాదు, కొత్తదే. లోపల మడతల కాగితం ఉన్న రకం, కార్ల కోసం చేసినది. కార్బ్యురేటర్ కాలపు కార్లలో పెట్రోలును పంపు తోస్తుంది. ఆ ఒత్తిడి మన ట్యాంకు ఎత్తు ఇచ్చేదానికి పదింతలు. అక్కడ ఆ కాగితం అడ్డే కాదు, ఇక్కడ అది ఆనకట్ట. పైగా దాన్ని అడ్డంగా బిగించారు. అడ్డంగా ఉన్న ఫిల్టరులో పైభాగాన గాలి బుడగ నిలిచిపోతుంది, పెట్రోలు కాగితంలో కింది భాగాన్నే తడుపుతుంది. బెజవాడ ఎండల్లో పైపు సిలిండర్ రెక్కల పక్కగా పోతుంటే పెట్రోలులో తేలికైన భాగం అక్కడే ఆవిరై ఆ బుడగను ఇంకా పెంచుతుంది. పారదర్శకమైన ఫిల్టరు సగమే నిండి కనిపిస్తే చాలామంది కంగారు పడతారు. ఇత్తడి జల్లెడ ఉన్న ఫిల్టరు నిలువుగా ఉండి, ధార కొలతకు నిలబడితే ఆ సగం నిండటం గురించి పట్టించుకోనక్కర్లేదు. కాగితం ఫిల్టరులో అయితే అదే బుడగ ప్రాణం తీస్తుంది.

ధూళిని ఆపాలన్న మంచి ఉద్దేశంతోనే ఆ ఫిల్టరు పెట్టారు. ట్యాంకులో ధూళి ఉంటే దాన్ని ట్యాంకులోనే తీసేయాలని నా అభిప్రాయం. దారిలో కాపలా పెట్టినంత మాత్రాన ట్యాంకు శుభ్రపడదు.

మూత

ఫిల్టరుతో అడుగంటినప్పటి జబ్బు తేలింది. నిండు ట్యాంకు జబ్బు మిగిలింది. ఫిల్టరు లేకుండానే ట్యాంకును మెడ దాకా నింపి మూత తెరిచి కొలిస్తే 230 వచ్చింది. తరువాత మూత బిగించి, ఆపకుండా నిమిషం వెంట నిమిషం పట్టాను. మొదటి నిమిషం 80. రెండో నిమిషం 45. మూడో నిమిషం నుంచి 30 దగ్గర నిలిచిపోయింది. పక్కనే నిలబడి గడియారం చూస్తున్న మాస్టారిని మూత తీయమన్నాను. అదే బుస్సు. జాడీలోకి ధార మళ్లీ లావుగా దూకింది.

నూనె డబ్బాకు ఒక్క కన్నమే పెడితే నూనె గుటకలు గుటకలుగా వచ్చి ఆగుతుంది, రెండో కన్నం పెడితే ధారగా వస్తుంది. ట్యాంకు మూతలో ఉండే గాలి రంధ్రం ఆ రెండో కన్నం. బయటకు పోయిన పెట్రోలు స్థానంలో గాలి లోపలికి రాకపోతే లోపలి పీడనం పడిపోతుంది. పెట్రోలును తోసేది వాతావరణ పీడనంలో రెండు శాతం లోపే కాబట్టి, లోపలి పీడనం ఆ మాత్రం తగ్గితే చాలు, ధార ఆగుతుంది.

నిండు ట్యాంకుతోనే తొందరగా ఎందుకు ఆగుతుందన్న ప్రశ్నకు జవాబు పెట్రోలు పైనున్న గాలిలో ఉంది. ట్యాంకు నిండినప్పుడు పైన ఒక లీటరో లీటరున్నరో గాలి ఉంటుంది. కొద్దిపాటి పెట్రోలు దిగగానే ఆ కొంచెం గాలి సాగి, పీడనం పడిపోతుంది. ట్యాంకు సగమైతే పైన ఏడు లీటర్ల దాకా గాలి ఉంటుంది. అదే స్థాయికి పీడనం పడిపోవాలంటే ఎన్నో రెట్ల పెట్రోలు దిగాలి. ఆలోగా ఏదో ఒక టోల్ గేటు దగ్గరో ఊరి మధ్యలోనో బండి నెమ్మదిస్తుంది, రంధ్రం గుండా సన్నగా వచ్చే గాలి లోటును పూడుస్తుంది. ఈ మూత రంధ్రం పూర్తిగా మూసుకుపోలేదు. నిమిషానికి 30 మిల్లీలీటర్ల పెట్రోలుకు సరిపడా గాలిని రానిస్తోంది. ఊళ్లో అది చాలు, హైవే మీద చాలదు. పావుగంట నీడన నిలబెడితే లేవడానికి కారణం కూడా ఇదే. ఆ పావుగంటలో చల్లారింది కండెన్సర్ కాదు, ట్యాంకులోకి గాలి చేరింది.

ఈ రెండు లోపాలూ ఒకదానికొకటి తోడయ్యాయి. మూత వల్ల తోపుడు తగ్గుతుంది, తగ్గిన తోపుడుతోనే పెట్రోలు కాగితం ఫిల్టరును దాటాలి. ఫిల్టరు ఒక్కటే అయినా మూత ఒక్కటే అయినా బండి ఇంకొంచెం దూరం లాగేదేమో. ఒక్కటే కారణం వెతికేవారికి ఇలాంటి బండి జబ్బు దొరకదు. ఫిల్టరు తీసి, కాస్త మెరుగు కనిపించగానే పని అయిపోయిందని బండి ఇచ్చేస్తే, తరువాతి ప్రయాణంలో అది ఇబ్రహీంపట్నం దగ్గర మళ్లీ ఆగేది.

మూత విప్పి చూశాం. తాళం ఉన్న మూత, బండితో వచ్చినది కాదు, తరువాత వేసినది. గాలి దారి తాళం పక్కనుంచి లోపలి రేకు కిందికి, అక్కడినుంచి రబ్బరు వాషర్ అంచుకు వెళుతుంది. కొత్త వాషర్ కాస్త పెద్దది కావడంతో ఆ రంధ్రం మీదకు సగం పైగా ఎక్కి కూర్చుంది. మిగిలిన సందులో క్రోమ్ పాలిష్ ఎండి తెల్లని సుద్దలా పట్టుకుని ఉంది. మాస్టారు బండిని ఎంత శ్రద్ధగా తుడుస్తారో దానికి అదే సాక్ష్యం. సన్నని తీగతో దారి శుభ్రం చేసి, వాషర్ కొలతకు కోసి బిగించాక, మూత పెట్టినా తీసినా ధారలో తేడా లేదు.

ఒక్క హెచ్చరిక. మూత మీద డ్రిల్లుతో కొత్త రంధ్రం వేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. బ్రేకు వేసినప్పుడల్లా ఆ రంధ్రంలోంచి పెట్రోలు చిమ్మి ట్యాంకు మీద పడుతుంది, వేడి ఇంజను మీదకు కారుతుంది. వానలో అదే రంధ్రం నీటిని లోపలికి తీసుకుంటుంది. ఉన్న దారిని తెరవాలి తప్ప కొత్త దారి వేయకూడదు.

ట్యాప్, ట్యాంకు

ఫిల్టరు లేకుండా, మూత తెరిచి పెట్టినా నిండు ట్యాంకుతో 230 మాత్రమే రావడం నాకు తృప్తినివ్వలేదు. ఈ బండి అవసరానికి అది చాలు. అయినా ఆరోగ్యంగా ఉన్న ట్యాప్ ఇంతకు రెట్టింపు ఇవ్వాలి. ఇచ్చే వాటా తగ్గిందంటే లోపల ఏదో పేరుకుంటోంది, రేపు ఇంకా తగ్గుతుంది.

ట్యాంకు ఖాళీ చేసి ట్యాప్ విప్పితే, లోపలికి నిలబడే సన్నని జల్లెడ గొట్టం కింది సగం ముదురు గోధుమ రంగు జిగురుతో నిండి ఉంది. వేలితో నలిపితే గరగరలాడింది. పాత పెట్రోలు ఎండిన జిగురులో తుప్పు పొడి కలిసిన ముద్ద అది. లివర్ వెనకున్న నాలుగు రంధ్రాల రబ్బరు బిళ్ల ఉబ్బి, రంధ్రాలు సగానికి కుదించుకుపోయాయి.

ఆ ఉబ్బడానికి కారణం గురించి చెప్పాలి. మన బంకుల్లో పెట్రోలుతో ఇథనాల్ కలుపుతున్నారు. 20 శాతం ఇథనాల్ ఉన్న ఈ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దాదాపు అంతటా అదే దొరుకుతోంది. 1990ల నాటి రబ్బరు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినది కాదు. కొన్ని రకాల రబ్బరు ఉబ్బుతుంది, కొన్ని గట్టిపడి పగులుతాయి. ఇథనాల్ పాత జిగురును కరిగిస్తుంది కూడా. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు అంటుకున్నది ఊడి జల్లెడ మీదకు వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా అది నీటిని పట్టుకుంటుంది. నీరు ఒక మోతాదు దాటితే ఇథనాల్‌ను వెంటబెట్టుకుని పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. ఎక్కువ రోజులు కదలకుండా నిలబెట్టే బళ్లకు ఈ అడుగు పొరే శత్రువు. బుల్లెట్ ట్యాంకు ఫ్రేము గొట్టానికి రెండు వైపులా కిందికి దిగుతుంది, ట్యాప్ ఒక వైపే. ట్యాప్ లేని వైపు అడుగున చేరిన నీరూ తుప్పూ ఎంతకాలమైనా అక్కడే ఉంటాయి. ట్యాంకు ఊడదీసి తిరగేస్తే తప్ప బయటకు రావు.

ఆ వైపు నుంచి వచ్చినదాన్ని గాజు సీసాలో పోసి రాత్రంతా కదపకుండా ఉంచాను. తెల్లారేసరికి మూడు పొరలు స్పష్టంగా కనిపించాయి. అడుగున ఎర్రని తుప్పు మట్టి, దాని మీద వేలు మందాన మసక నీరు, ఆపైన పెట్రోలు. మాస్టారు ఆ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. పాఠం చెప్పినన్నాళ్లూ ఇంత మంచి ఉదాహరణ దొరకలేదన్నారు.

ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు గీతలు ఇంకా చెక్కుచెదరలేదు. వాటికి హాని జరగకుండా తుప్పు తీయాలి. అందుకే ఘాటైన ఆమ్లాలు వద్దనుకుని నిమ్మ ఉప్పు వాడాను. ట్యాప్ రంధ్రాన్ని రబ్బరు బిరడాతో మూసి, మెడ చుట్టూ గ్రీజు రాసి ప్లాస్టిక్ షీటు కప్పి, వేడినీటిలో లీటరుకు 70 గ్రాముల లెక్కన కలిపి ట్యాంకు నిండా పోశాను. పాత ట్యాప్‌నే మూతగా వాడకూడదు, ఆ లోహాన్ని నిమ్మ ఉప్పు తినేస్తుంది. ఒక రోజు ఉంచి పారబోస్తే టీ డికాక్షన్ రంగులో వచ్చింది. లోపల టార్చి వేసి చూస్తే బూడిద రంగు ఇనుము కనిపించింది. వెంటనే వంట సోడా నీళ్లతో కడిగి, మంచినీళ్లతో కడిగి, హెయిర్ డ్రయర్ గాలితో ఆరబెట్టాను. ఈ దశకు ముందే పెట్రోలు వాసన పూర్తిగా పోయి ఉండాలి, లేకపోతే ఆ గాలి యంత్రాన్ని ట్యాంకు దరిదాపులకు కూడా తేకూడదు. శుభ్రపడిన ఇనుము నిమిషాల్లో మళ్లీ తుప్పు పడుతుంది. అందుకని ఆరిన మరుక్షణం టూ స్ట్రోక్ ఆయిల్ కలిపిన కాస్త పెట్రోలు పోసి, అన్ని వైపులా తిప్పి, పారబోశాను.

లోపల ఎపాక్సీ పూత వేయించమని కొందరు సలహా ఇచ్చారు. రేకు చిల్లులు పడనంత వరకు నేను దానికి ఒప్పుకోను. లోపలి గోడ ఏమాత్రం జిడ్డుగా ఉన్నా ఆ పూత కొన్నేళ్లకు పొరలుగా ఊడుతుంది. ఆ పొరలు ట్యాప్‌కు అడ్డంపడితే తుప్పు పొడి కంటే మొండిగా ఉంటాయి, పూతను తీయడం పూత వేయడం కంటే పది రెట్లు కష్టం.

ట్యాప్‌కు కొత్త రబ్బరు బిళ్ల, కొత్త జల్లెడ వేశాను. పైపును ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చి, వీలైనంత పొట్టిగా, మధ్యలో ఎక్కడా పైకి వంపు లేకుండా, సిలిండర్ రెక్కలకు దూరంగా నడిపాను. కాగితం ఫిల్టరు మళ్లీ పెట్టలేదు. ట్యాంకు నుంచి చివరి తుప్పు పొడి దిగే వరకు మాత్రం ఇత్తడి జల్లెడ ఉన్న చిన్న ఫిల్టరును నిలువుగా బిగించాను.

కార్బ్యురేటర్ దగ్గర ఒక్క పరీక్ష మిగిలింది. పైపు కొస దాకా బాగా వచ్చిన ధార, ఫ్లోట్ పైకి లేచినప్పుడు పెట్రోలును ఆపే నీడిల్ వాల్వ్ దగ్గర ఆగిపోవచ్చు. ఫ్లోట్ చాంబర్ దించి, కింద జాడీ పట్టి, ఫ్లోట్‌ను కిందికి వదిలి ట్యాప్ తిప్పాను. నిమిషానికి 240. వేలితో ఫ్లోట్ ఎత్తితే చుక్క కూడా కారలేదు. ఆ రెండూ నిలబడితే నీడిల్‌ను కదపనక్కర్లేదు. మార్చిన జెట్లను మాత్రం తీసేసి, పాత సైజు జెట్లు వేశాను. పెట్రోలు చాలని బండికి పెద్ద జెట్ వేసినంత మాత్రాన పెట్రోలు పుట్టదు, ధార సరయ్యాక అదే జెట్ ప్లగ్గును నల్లబరుస్తుంది.

చివరి కొలతలు, ఇత్తడి ఫిల్టరుతో, మూత బిగించి: పావు ట్యాంకుతో నిమిషానికి 310, నిండు ట్యాంకుతో 460. ఐదు నిమిషాలు ఆపకుండా పట్టినా నిమిషానికీ నిమిషానికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్లగ్గు పింగాణీ కొద్ది రోజుల్లోనే లేత గోధుమ రంగుకు తిరిగింది. మాస్టారు నిండు ట్యాంకుతో బయలుదేరి, బండి ఒక్కచోటా ఆగకుండా చౌటుప్పల్ చేరాక ఫోను చేశారు.

ఇతర పాత బళ్ల విషయంలో

ఇదే లోపం బుల్లెట్‌ను దారిలో ఆపుతుంది, అంతే. టూ స్ట్రోక్ బండి అయితే ఇంజనునే పోగొట్టవచ్చు. జావా, యెజ్దీలలో ఆయిల్ పెట్రోలులోనే కలిసి వస్తుంది కాబట్టి ధార తగ్గితే పిస్టన్‌కు ఆయిల్ కూడా తగ్గుతుంది. యమహా ఆర్‌ఎక్స్100లో ఆయిల్‌కు వేరే పంపు ఉన్నా, గాలి ఎక్కువైన మిశ్రమం పిస్టన్‌ను మితిమీరి వేడెక్కిస్తుంది. ఆ బళ్లు హైవే మీద నీరసిస్తుంటే చోక్ పరీక్ష కోసం కూడా నడపవద్దు. క్లచ్ పట్టి పక్కకు ఆపి, ధార కొలిచాకే మళ్లీ రోడ్డెక్కించాలి. ఇంజను పీల్పుతో తెరుచుకునే వ్యాక్యూమ్ ట్యాప్ ఉన్న బళ్లలో ఇంజను ఆగి ఉంటే పెట్రోలు రాదు. ఆ సన్నని పైపుకు సిరంజితో పీల్పు ఇస్తూ కొలవాలి, లేకపోతే బాగున్న ట్యాప్‌ను పాడైందని పారేస్తారు.

మాస్టారి బండికి ఇక చేయాల్సింది కొంచెమే. ఇత్తడి ఫిల్టరు అడుగున పొడి కనపడటం ఆగాక దాన్ని తీసేసి నేరుగా పైపు వేయాలి. బండిని వారాల తరబడి నిలబెట్టాల్సి వస్తే ట్యాప్ కట్టేసి, ఇంజను దానంతట అది ఆగే వరకు నడిపి, ఫ్లోట్ చాంబర్ ఖాళీ చేయమన్నాను. ట్యాంకును మాత్రం నిండుగా ఉంచమన్నాను, ఖాళీ జాగా తక్కువైతే లోపలి గోడల మీద చెమ్మ పట్టడం తగ్గుతుంది. రబ్బరు పైపు ఏటా ఫిబ్రవరిలో, ఎండలు ముదరకముందే మార్చాలి. డైరీలో ఇకనుంచి ఆగిన చోట్లతో పాటు ధార కొలతకు కూడా ఒక గడి గీసుకుంటానని మాస్టారే చెప్పారు, కొలజాడీ ఆయన దగ్గర ఎటూ ఉంది.